తడి ఇసుకలో జాడీ

నేను బీరు తాగాను. ఒక్కసారి కాదు, ఎవరో బలవంతం చేస్తే కాదు, మందనుకొని కళ్లు మూసుకొనీ కాదు. నలభై రోజుల పాటు, రోజూ మధ్యాహ్నం, రైలు పట్టాలకవతల ఒక ముసలి నర్సమ్మ ఇంటి వరండాలో కూర్చొని, గ్లాసులో సగం వరకు పోయించుకొని తాగాను. రుచి చూస్తూ తాగాను. బాగుందని కూడా అన్నాను. ఈ చివరి మాటే మా చర్చి సంఘానికి మింగుడుపడలేదు.

తాగుడు అంటే ఏమిటో తెలియక చేసిన పని కాదిది. మా పుట్టిల్లు కడప. మద్రాసులో కాలేజీలో చదివేటప్పుడు మద్యపానానికి వ్యతిరేకంగా మాట్లాడి పతకం తెచ్చుకున్నాను. మా జిల్లాలో సర్కారు సారా అంగళ్లు మూయించినప్పుడు, తాళం పడిన అంగడి అరుగు మీద నిలబడి పాటలు పాడిన ఆడపిల్లల్లో నేనూ ఉన్నాను. పెళ్లయి కర్నూలు జిల్లాలో ఈ జంక్షను ఊరికి వచ్చిన రోజు మా అత్త నాకు ఇల్లు చూపిస్తూ మొదట చూపించింది గోడకున్న పటం. అందులో దేవుడి బొమ్మ లేదు. ఆమె వేలిముద్ర వేసిన మద్యనిషేధ ప్రమాణ పత్రం ఉంది. తర్వాత అక్షరాలు నేర్చుకొని, ఊరూరా తిరిగి వాక్యం చదివి వినిపించే బైబిలమ్మ అయింది కానీ, ఆ పత్రం మీద మళ్లీ సంతకం చేయలేదు. వేలిముద్రే గట్టిదంటుంది. మా మామను నేను చూడలేదు. రెండు చెక్కల నల్లరేగడి సారాకే పోయిందనీ, ఒక సాయంత్రం ఆయన వంకలో బోర్లా పడి దొరికాడనీ విన్నాను. ఆ పత్రం కింద నా సంతకం కూడా ఆ వారమే చేశాను, ఇష్టంగానే.

ఇక పాప సంగతి.

నా మొదటి బిడ్డ మగపిల్లవాడు. నా పాలు చాలక, బర్రెపాలలో నీళ్లు కలిపి సీసాతో పట్టాం. ఆ పోతపాలు వాడికి పడలేదు. విరేచనాలు పట్టుకున్నాయి. ఐదో నెలలో, నాలుగు రోజుల్లో, పోయాడు. ఆ సీసాను నేనే బండకేసి కొట్టి పగలగొట్టాను. అందుకే రెండోసారి పాప పుట్టి, రెండో నెల నిండేసరికి మళ్లీ పాలు తగ్గడం మొదలైతే నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. మా అత్త వెల్లుల్లి వేయించి పెట్టింది, మెంతిగంజి కాచింది, పచ్చి బొప్పాయి కూర వండింది, సజ్జసంగటి మింగించింది. జర్మనీతో యుద్ధం మూలంగా పాలపొడి డబ్బాలు అంగళ్లలోకి రావడం మానేశాయి. వచ్చినా సీసా పట్టే ధైర్యం నాకు లేదు. పాప రోజుకెన్ని గుడ్డలు తడుపుతున్నదో వేళ్ల మీద ఎంచుకుంటూ కూర్చునేదాన్ని. వేళ్లు మిగిలిపోయేవి.

బజారులో చింతపండు మండీ పెట్టుకున్న ఒక సాయిబు ఉన్నాడు. పెద్ద తక్కెడ ఆయన దగ్గరే ఉంది. పాపను ఎత్తుకొని పోయి తూచమని అడిగాను.

"బిడ్డను తూకమేస్తారామ్మా యాడన్నా? ఇదేమన్నా చింతపండా?" అన్నాడు.

"దిష్టి తగిలితే నాకే తగలనీ మామూ. తూచు."

"నీకు తగిలితే మళ్లీ పాలు ఎవరిస్తారంట!"

కానీ తక్కెడలో తన భుజం మీది తువ్వాలు పరిచాడు. పాపను పడుకోబెట్టాడు. రాళ్లు వేశాడు. బరువు మాత్రం పైకి చెప్పలేదు, చెప్పకూడదట. "ఈ రాళ్లు పక్కన పెడతా. మల్ల వారం రా. పెరిగిందో లేదో ఆ ఒక్క మాటే చెప్తా" అన్నాడు. మరుసటి వారం పోయాను. రాళ్లు వేసి, చాలాసేపు తక్కెడ ముల్లు వైపే చూసి, "పోయిన వారం తువ్వాలు ఇంకొంచెం మందంగా ఉండెనేమో..." అని నసిగాడు. తువ్వాలు అదే.

అటు నుంచి అటే పట్టాలు దాటి నర్సమ్మ ఇంటికి పోయాను. నా రెండు కాన్పులూ చేసింది ఆమే. రైల్వే ఆసుపత్రిలో పనిచేసి మానేసింది. పోయిన భర్త ఇంజను డ్రైవరు. తండ్రి తెల్లవాడు, తల్లి ఇక్కడి మనిషి. ఊళ్లో అందరూ ఆమెను దొరసానమ్మ అంటారు కానీ ఆ దొరసానమ్మ బట్టలు ఆమే ఉతుక్కుంటుంది, కోళ్లను ఆమే తోలుకుంటుంది. నా రొమ్ములు నొక్కి చూసింది. నాలుక చూసింది. కళ్ల కింద వేలితో లాగి చూసింది.

"నిద్ర ఉందా?"

"లేదు."

"ఎందుకు లేదు?"

"పాప ఊపిరి తీస్తా ఉందో లేదో చూస్తా ఉంటాను."

"అది తీస్తాది. నువ్వు తీస్తాలేదు" అంది. "కూర్చో. లేవొద్దు. నా తల్లికి ఆరుమంది పిల్లలు. ఆరుమందికీ ఇది తాగే పాలిచ్చింది."

వరండా మూలలో, తడి ఇసుక పోసిన తొట్టిలో మెడవరకు పాతిపెట్టిన జాడీ ఒకటి ఉంది. మే నెల. ఆ వరండా బండల మీద రొట్టె కాల్చుకోవచ్చు. కానీ ఆ ఇసుకలో చెయ్యి పెడితే జిల్లుమంది. ఆమె రోజుకు మూడుసార్లు దాని మీద నీళ్లు చల్లుతుంది.

ఎలా చేస్తుందో తర్వాత రోజుల్లో పక్కన కూర్చొని చూశాను. మనం రాగులు నానబోసి, మొలకలు తీసి, ఎండబెట్టి పిండి చేసినట్టే ఆమె బార్లీని చేస్తుంది. తడి గోనెపట్టా మీద పరిచి మొలకెత్తిస్తుంది. నాపరాళ్ల మీద ఎండేస్తుంది. అందులో ఒక పిడికెడు మాత్రం ఇనుప పెనం మీద కాఫీగింజల కంటే నల్లగా మాడుస్తుంది. అన్నీ కచ్చాపచ్చాగా విసిరి, వేడినీళ్లలో నానబెట్టి, వడకట్టి, ఆ నీళ్లను నల్లబెల్లంతోనూ, ఏవో చేదుగా ఉండే ఎండుపూలతోనూ కాస్తుంది. ఆ పూలు బెంగుళూరులో ఉన్న తమ్ముడు రేకు డబ్బాలో పంపుతాడు. చల్లారాక, పోయినసారి జాడీ అడుగున మిగిలిన మడ్డిని ఒక గరిటెడు వేస్తుంది. పెరుగుకు తోడు వేసినట్టు. రెండు దినాలకు జాడీలోంచి సన్నగా చిటచిటమని చప్పుడు వస్తుంది. ఆమె చెవి పెట్టి విని "ఇప్పుడు మాట్లాడతాంది" అంటుంది. దీని పేరు మైల్డు అని చెప్పింది. మైల్డు అంటే మెత్తనిది. వాళ్ల నాన్న ఊళ్లో బొగ్గుగనుల్లోంచి పైకి వచ్చినవాళ్లు దప్పికకు తాగేదట. ఇంట్లో చేసుకోవడానికి లైసెన్సు ఉందో లేదో నేను అడగలేదు.

మొదటి రోజు గ్లాసు చేతిలో పట్టుకొని చాలాసేపు తాగలేదు. మా అత్త వేలిముద్ర కళ్ల ముందు ఆడింది. అరుగు మీద పాడిన పాట గుర్తుకొచ్చింది. ఒడిలో పాప ఏడవడం కూడా మానేసి, పెదవులు చప్పరిస్తున్నది. ఏడుపు మానడమే నాకు ఎక్కువ భయం. మొదటివాడు కూడా చివర్లో ఏడవలేదు.

గ్లాసు ఎత్తి వెలుతురుకు పట్టాను. నడుమ నలుపు, అంచుల్లో ఎండ తగిలిన నల్లద్రాక్ష ఎరుపు. పైన చిక్కటి మజ్జిగ మీది లాంటి నురగ, కాస్త గోధుమరంగులో. సారా వాసన వస్తుందని ముక్కు బిగించుకున్నాను. రాలేదు. జొన్నరొట్టె అంచు పెనానికి అంటుకొని మాడినప్పటి వాసన వచ్చింది. బెల్లం కుండ అడుగున గీకినప్పటి వాసన. తాగాను. మొదట తీపి అనిపించి, అంతలోనే తీపి కాదని తెలిసింది. నాలుక మీద సన్నగా చురుక్కుమని, గొంతు దిగేటప్పుడు చల్లగా, దిగాక చేదుగా. ఆ చేదు కాకరకాయ చేదు కాదు. మాడిన దాని చేదు, ఆకలి పుట్టించే చేదు. మింగాక కూడా నోట్లో రొట్టె తిన్నట్టే ఉంది. మంట లేదు. తలలోకి ఏదీ ఎక్కలేదు. నేను ఎన్ని వేదికల మీద తిట్టానో అది ఇది కాదని ఒక్క గుక్కకే తెలిసింది. అది తెలిసి నాకు సిగ్గు వేయలేదు, కోపం వచ్చింది. రుచి చూడకుండానే పతకం ఇచ్చారే నాకు!

"ఎట్ల ఉంది?" అంది నర్సమ్మ.

"బాగుంది" అన్నాను.

ఇంటికి వచ్చేటప్పుడు అనుమానంగానే ఉండి, పట్టాలు దాటుతూ పదిహేడో ఎక్కం పైకి చదువుకున్నాను. పదిహేడు తొమ్మిదులు నూటయాభైమూడు దగ్గర తడబడ్డాను. కానీ అక్కడ నేను ఎనిమిదేళ్ల వయసు నుంచీ తడబడుతూనే ఉన్నాను.

రోజూ గంటసేపు ఆ వరండాలో కూర్చునేదాన్ని. పాపను నర్సమ్మ ఎత్తుకునేది. నేను సగం గ్లాసు తాగి, గోడకానుకొని నిద్రపోయేదాన్ని. పది రోజులకు పైట తడవడం మొదలైంది. పాప రెండు వైపులా తాగి, తల వెనక్కి వాల్చి, నోటి చివర పాలు కారుతుండగా నిద్రపోయింది. సాయిబు రాళ్లు వేసి, పక్కనున్న ఇంకో రాయి తీసి వేసి, నా వైపు చూడకుండా "పెరిగింది పో" అన్నాడు. పాప మీదినుంచి గుప్పెడు ఉప్పు దిగదుడిచి బజారులోకి విసిరాడు. అది పోయే బండి ఎద్దు మీద పడి సాయిబూ బండివాడూ పోట్లాడుకున్నారు.

పాలు పడింది ఆ నల్లటి సారం వల్లనా, నిద్ర వల్లనా, గంటసేపు నా బిడ్డ ఊపిరిని ఇంకొకరు చూసుకోవడం వల్లనా, నాకు తెలియదు. చదువుకున్నదాన్ని కాబట్టి తెలియదని చెప్పగలను. కానీ ఆ మూడింటిలో ఒకదాన్ని తీసేసి చూద్దామనేంత తెగింపు, ఒక బిడ్డను మట్టిలో పెట్టిన తల్లికి ఉండదు.

మా సంఘపు పెద్ద స్టేషనులో గుమాస్తా. ప్లాట్‌ఫారం చివర నుంచి నర్సమ్మ వరండా తేటగా కనిపిస్తుంది. ఒక శుక్రవారం పొద్దున మా ఇంటికి వచ్చి బల్ల మీద కూర్చున్నాడు.

"ఏమమ్మా, ఆ పక్కకు పోతాండావంట?"

"పోతున్నాను."

"మందు తాగుతాండావంట?"

"మందు కాదు. బీరు."

మా ఆయన మిషను బడిలో పంతులు. బడికి పోబోతూ గుమ్మంలో ఆగినవాడు ఆగినట్టే ఉండిపోయాడు. పెద్దాయన గొంతు తగ్గించాడు. ఆయన చెడ్డవాడు కాదు. నాకు దారి చూపించాలనే వచ్చాడు. "మందనుకొని తాగినానని చెప్పు తల్లీ. తప్పయింది అను. ఆదివారం పాస్టరుగారు వస్తాండారు. ఆ ఒక్క మాట అంటే పాపకు బాప్తిస్మం అయిపోతాది. అనకపోతే నువ్వు వెనక చాప మీద కూర్చోవల్ల. పాప సంగతి మల్ల మూడు నెలలకు."

మా సంఘంలో అది ఆచారం. తప్పు చేసినవాళ్లు వెనక గోడ వార పరిచిన ఈతచాప మీద కూర్చొని, లేచి అందరి ముందూ 'తప్పయింది' అనాలి. అన్నాక ఇక ఆ పని చేయకూడదు.

"తప్పయిందంటే మానెయ్యాల గదా?" అన్నాను.

"మరి?"

"మానను. పాపకు పాలు చాలేదాకా మానను. పైగా అది నాకు నచ్చింది. నచ్చలేదని అబద్ధం చెప్పి బాప్తిస్మం అడగను."

ఆయన పోయాక మా అత్త వంటింట్లోంచి వచ్చింది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"నీ మామ గూడా మొదట్లో ఇట్లనే చెప్పె. నడుము నొప్పికి మందే అని" అంది. "శానా చదువుకున్నావని తెచ్చుకుంటిమే పిల్లా."

మా ఆయన సాయంత్రం బడి నుంచి వచ్చి, "ఒక్క మాటే కదా, నోటితో అనేస్తే పోతుంది" అన్నాడు. ఆయన ఉద్యోగం గురించి భయపడుతున్నాడని నాకు తెలుసు. తెలిసే, "అయితే మీరు అనండి" అన్నాను.

నర్సమ్మ ఇంటికి ఆ రోజూ పోయాను, మర్నాడూ పోయాను. శనివారం ఆమె ఒక సీసాలో పోసి చేతికిచ్చింది, ఆదివారం రావడానికి వీలు కాదని. పైట కింద దాచుకోకుండా చేతిలో పట్టుకొనే స్టేషను ముందు నుంచి నడిచి వచ్చాను.

ఇంట్లో అడుగు పెట్టగానే నర్సమ్మ వరండా వాసన. సీసా మూత బిగించే ఉంది. వాసన దానిది కాదు. వంటింట్లో అటక కింద ఒక మట్టికుండ ఉంది. గుడిలో అందరికీ రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల ఆదివారానికి ఆ రసం చేసేది మా అత్తే. గురువారం ఎండుద్రాక్ష నానబోసి, ఉడకబెట్టి, పిసికి వడకట్టి, ఆ కుండలో పోసి బట్ట కడుతుంది. పన్నెండేళ్లుగా అదే కుండ. అది ప్రభువు కుండ కాబట్టి తోమదు, కడిగి బోర్లిస్తుందంతే. బట్ట విప్పాను. రసం పైన గోధుమరంగు నురగ గుండ్రంగా అంచు పట్టి ఉంది. చెవి దగ్గర పెట్టాను. చిటచిట. మాట్లాడుతున్నది.

"అత్తా, ఒకసారి రా" అని పిలిచాను.

వచ్చింది. నురగ చూసి, "ప్రతిసారీ పొంగుతాది. ఎండాకాలం ఇంకా బాగా పొంగుతాది. ఆశీర్వాదం" అంది.

నేను ఒక చెంచాలో రసం, ఇంకో చెంచాలో సీసాలోది పోసి పక్కపక్కన పెట్టాను. "నాకోసం వద్దు. పాప కోసం. రెండూ నాలిక మీద వేసుకో. తర్వాత నన్ను ఏమన్నా అను."

రసం నాలుక మీద వేసుకుంది. రెండో చెంచాలో చిటికెనవేలు ముంచి, కళ్లు గట్టిగా మూసుకొని, వేలు నాకింది. కళ్లు తెరిచింది. మళ్లీ మొదటి చెంచా తీసుకుంది.

"రెండూ ఒకే మాదిరి చురుక్కుమంటాండాయి" అంది మెల్లగా.

నేను సీసా మూత బిగించాను.

"పన్నెండేండ్ల నుంచి నేనే చేస్తాండా" అంది. కుండ వైపు చూసి, "పెద్దాయన రెండు గిన్నెలు తాగుతాడు గదే" అంది.

నాకు నవ్వొచ్చింది. ఆమెకు రాలేదు. కుండ ఎత్తుకొని పోయి పెరట్లో నిమ్మచెట్టు మొదట్లో ఒంపింది. బూడిద వేసి, ఇసుక వేసి, కుండ పగులుతుందేమో అన్నంత గట్టిగా తోమింది. పొయ్యి రాజేసి ఎండుద్రాక్ష మళ్లీ ఉడకేసింది. ఊదురుగొట్టంతో ఊదుతూ, నా వైపు తిరగకుండానే, "పాప లేచినట్టుంది. పో, పాలియ్యిపో" అంది.

ఆదివారం నేను వెనక చాప మీదికే పోయి పాపను ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాను. వాక్యం అయింది. పాస్టరుగారు పెద్దాయన వైపు చూశారు. పెద్దాయన నా వైపు చూసి, "చెప్పమ్మా, చెప్పు" అన్నాడు. మా ఆయన తన పాదాల వైపు చూసుకుంటున్నాడు.

లేచాను. నేను చెప్పింది తప్పు ఒప్పుకోలు కాదు. మేలు పొందినవాళ్లు లేచి చెప్పే సాక్ష్యం.

"నా మొదటి బిడ్డ పోతపాల వల్ల పోయినాడు. మీరంతా మట్టి వేసినారు. ఈ బిడ్డకూ పాలు తగ్గిపోతే నేను దేవుణ్ని అడిగినాను. పట్టాలకవతల నర్సమ్మ నన్ను కూర్చోబెట్టి, బార్లీతో చేసిన బీరు ఇచ్చింది. తాగినాను. పాలు పడినాయి. బిడ్డ పెరిగింది. చాలేదాకా తాగుతాను. నాకు ఈ మేలు చేసిన దేవునికి స్తోత్రం."

మా సంఘంలో సాక్ష్యం చివర ఆ మాట వింటే చాలు, ఎవరేం చెప్పారో విన్నా వినకున్నా, నిద్రలో ఉన్నవాళ్లతో సహా అందరి నోటా అదే మాట వస్తుంది. వచ్చింది. "స్తోత్రం!" అని గుడి మొత్తం ఒక్క గొంతుతో అంది. పెద్దాయన నోటా వచ్చేసింది. వచ్చాక ఆయన చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆ చప్పుడు సద్దుమణిగాక, ముందు వరుసలోంచి ఒక్క గొంతు, ఆలస్యంగా, విడిగా, "స్తోత్రం" అంది. మా అత్త. వెనక్కి తిరిగి, "ఆడేం చేస్తాండావు? పాపను తీస్కొని ముందుకు రా" అంది.

"ఏమమ్మా, తప్పయిందని అనలేదు గదా?" అన్నాడు పెద్దాయన.

"అందరూ స్తోత్రం అంటిరి గదప్పా. నువ్వూ అంటివి. ఇప్పుడు తప్పనాలంటే ముందు ఆ స్తోత్రం వెనక్కి తీసుకోవల్ల. తీసుకుంటావా?"

పాస్టరుగారికి దగ్గు వచ్చింది. చాలాసేపు దగ్గారు. తర్వాత నీళ్ల గిన్నె దగ్గరికి జరిపించుకొని, చేతులు చాచారు. నీళ్లు తల మీద పడగానే పాప కేకపెట్టింది. మూడు వారాల కిందట చప్పరించడానికి తప్ప శక్తి లేని గొంతు. అది పైకప్పు బండలకు తగిలి తిరిగి వచ్చింది. నేను ఊరుకోబెట్టలేదు. ఏడవనిచ్చాను.

బల్ల దగ్గర రసం పంచేటప్పుడు మా అత్తే గిన్నె పట్టుకుంది. పెద్దాయన తాగి, పెదవులు తుడుచుకొని, గొణిగాడు. "ఈ తడవ రసంలో ఏదో తక్కువైండాది."

మా అత్త నా వైపు చూసింది. "కుండ తోమినానప్పా" అని మాత్రం అని, గిన్నె ముందుకు జరిపింది.

ఇది రాస్తున్నానని ఆమెకు తెలుసు. కుండ సంగతి కూడా రాయనా అని పొద్దుగూకేటప్పుడు అడిగాను. "రాసుకోపో. ఆ పెద్దాయన నీ రాతలు చదివే మనిషా" అంది. గోడ మీది పత్రం అలాగే ఉంది, ఆమె వేలిముద్రా, నా సంతకమూ. చెరపలేదు, చెరపను కూడా. సారా అంగడి మళ్లీ తెరిస్తే ఆ అరుగు మీదికి మళ్లీ పోతాను. కానీ ఆ జాడీ ముందు నిలబడి తప్పయిందని మాత్రం అనను. దీపం కొండెక్కుతున్నది. పాప ఊపిరి తీస్తున్నదో లేదో చూడడానికి ఇక లేవక్కర్లేదు. దాని గురక ఇక్కడికే వినిపిస్తున్నది.